ముప్పావు గంట ఆలస్యం

తోటపల్లి గూడూరు మండలాఫీసు హాల్లో
ఒక రోజు శిక్షణ.
"గిరిజన సంస్కృతి పట్ల అవగాహన" అని ఫ్లెక్సీ.
దాని మీద నెమలీకల తలపాగా పెట్టుకుని
ఎవరో నవ్వుతున్నాడు.
ఈ తట్టు యానాదుల్లో అట్లాంటి తలపాగాని
పదహారేళ్ళ ఉద్యోగంలో నేను చూడలేదు.

ఏఎన్నెమ్‌లం ఇరవై ఇద్దరం, ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు,
వెనక బెంచీలో అంబులెన్సు డ్రైవరు సుభానీ.
ఉప్మా అయింది. టీ అయింది.
నెల్లూరు నుంచి వచ్చిన సారు
కరెంటు పోయేదాకా మాట్లాడాడు.
తర్వాత చీటీ చూసుకుని
"సంఘం తరఫున యాకసిరి మస్తానమ్మ గారు" అన్నాడు.

ఆమె నాకు తెలుసు.
ఉప్పుటేటి గట్టు కింద ఆరో గుడిసె.
నా రిజిస్టరులో వరస నంబరు నలభై ఒకటి.
ఆమె కోడలు చెంగమ్మ బిడ్డ పేరుకెదురుగా
మూడుసార్లు నా చేతిరాతే, ఎర్ర సిరాలో:
"టీకాకు నిరాకరణ."

మైకు వద్దంది.
కొంగు ముడి విప్పి
ఒక పీత డెక్క తీసి బల్ల మీద పెట్టింది.
"ఇది ఎన్ని గంటలకి దొరికిందో చెప్పండమా."
ఎవరం పలకలేదు.
"పొద్దున" అన్నాడు సుభానీ.

"పొద్దునంటే? నీళ్ళు తీసినప్పుడు.
నిన్న ఏడుకి తీసినాయి.
ఈ పొద్దు ముప్పావు తక్కువ ఎనిమిది కాదు, ఏడూ ముప్పావు.
రేపు ఎనిమిదిన్నర.
మీరేమో బుధవారం బుధవారం పదింటికే సూదెత్తుకుని వస్తా ఉండారు.
ఒక బుధవారం ఇంట్లో ఉంటాం,
ఇంకో బుధవారం నడుంలోతు నీళ్ళలో ఉంటాం.
సముద్రం రోజూ ముప్పావు గంట ఆలస్యంగా వస్తాది.
దానికెవురూ మెమో ఇయ్యరే!"

నవ్వాం.
నవ్విన తర్వాత
ఎవరి మొహం వాళ్ళు దాచుకున్నాం.

సారు గొంతు సవరించుకుని
"మీలో మూఢనమ్మకాలు..." అని మొదలుపెట్టాడు.
"ఉండాయి సామీ.
కాన్పు ఆపరేషనుకి ముహూర్తం పెట్టించుకునేది మాత్రం
మా గుడిసెల్లోవాళ్ళు కాదు."

అప్పుడు కూర్చుంది, నేల మీద.
గొంతు తగ్గింది.
"పెద్దాస్పత్రిలో మా చెంగమ్మ నొప్పులు పడతా ఉంటే
ఏయ్ యానాదీ, పక్కకి జరుగు అన్నారు.
అది మా కులమే, అబద్ధం కాదు.
కానీ మీ నోట్లోంచి వచ్చేసరికి తిట్టయిపోతాది.
బిడ్డకి సూది వెయ్యాలంటే
ముందు ఆ మాటకి మందెయ్యండి."

ఇంకేదో చెప్పింది, ఫ్యాను తిరగడంతో సగం వినపడలేదు.
కరెంటు వచ్చింది.
సారు మళ్ళీ తెర వైపు తిరిగాడు.

నాకు మాత్రం మూడో నిరాకరణ రోజు కళ్ళ ముందుంది.
వానకి జారుడుగా ఉన్న గట్టు, కొత్త చెప్పులు.
నేను కిందకి దిగలేదు.
స్కూటీ మీదే ఉండి హారన్ కొట్టాను.
రెండుసార్లు.
ఎవరూ రాలేదు.
వాళ్ళు కాదన్నది టీకానని రాసుకున్నాను.
హారన్ అని రాయడానికి
రిజిస్టరులో గడి లేదు.

సాయంత్రం మూడొందలకి
మస్తానమ్మ బొటనవేలు మిషను మీద పెట్టింది.
పడలేదు. తుడుచుకుని పెట్టింది.
పీతలు, రాళ్ళు, రొయ్యల గుంటల ఉప్పు
వేలి గీతలన్నీ తినేశాయి.
"నేను నేనేనని మిషను ఒప్పుకోదు, పోనీ" అని
డెక్కని కొంగులో కట్టుకుంది.

పై బుధవారం
వేళ్ళ మీద నీళ్ళ లెక్క వేసుకుని
మూడింటికి వెళ్ళాను.
చెప్పులు గట్టు మీద వదిలాను.
చెంగమ్మ తడి చీరతో పొయ్యి ముందుంది,
పీట వెయ్యలేదు, వద్దనలేదు.
బిడ్డ ఏడ్చింది, నా చేతిలోనే ఊరుకుంది.

ఇంటికొచ్చి ఎర్ర సిరా మీద రబ్బరు పెట్టాను.
సిరా పోలేదు,
కాగితం చిరిగింది.
ఆ చిరుగులోంచి
కింది పేజీ కనిపించింది:
ఇంకో గుడిసె, ఇంకో బిడ్డ,
అదే ఎరుపు, నా చేతిరాతే.